మాట రాని రోజున నడవాల్సిన సర్వర్

గుడివాడలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లి. రెండు రోజులు సన్నాయి మేళం, రాత్రి డీజే పెట్టెలు, జనరేటర్ పొగ, ఎదురుపడిన ప్రతి చుట్టాన్నీ నవ్వుతూ పలకరించడం. విజయవాడలో ఇంటికి చేరిన మర్నాడు మధ్యాహ్నానికి నాకు నోట మాట రావడం ఆగిపోయింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి ఈ స్థితి తెలుసు. మేము దీన్ని షట్‌డౌన్ అంటాం. అవతలివాళ్లు చెప్పేది వినిపిస్తుంది, అర్థమవుతుంది. జవాబు లోపల తయారుగా ఉంటుంది కానీ గొంతు దాటదు. కిటికీ తెరలు దించి, ఫ్యాన్ తగ్గించి, గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకునే రెప్పపాటులో హాల్లో ఉన్న నా సర్వర్ ఆగిపోయింది. మళ్లీ లేవలేదు. ప్రకటనలు రాకుండా ఉండాలని ఇంట్లో ప్రతి ఫోనూ, టీవీ ఇంటర్నెట్‌లో ఏ చిరునామా వెతకాలన్నా ముందు ఆ పెట్టెనే అడిగేటట్టు నేనే అమర్చి ఉన్నాను. అది పడుకుంటే ఇంటికంతా నెట్ లేనట్టే. అమ్మ అక్కతో వీడియో కాల్‌లో ఉంది. అది తెగిపోయింది. వచ్చి నా తలుపు తట్టింది.

"ఏరా, నెట్టు పోయింది. ఏది నొక్కాలో చెప్పు, నేను నొక్కుతా."

చెప్పాల్సింది ఒక్క ముక్క: టీవీ కింద నల్ల పెట్టెకు ముందున్న గుండ్రటి బటన్. ఆ ఒక్క ముక్క రాలేదు. అమ్మ మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడగలేదు. తలుపు అవతల ఆమె చాలాసేపు నిలబడే ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

ఈ అధ్యాయంలో చెప్పబోయేదంతా ఆ తలుపు దగ్గర మొదలైంది. మనం సర్వర్‌ను ఒంట్లో, మనసులో బాగున్న రోజున కడతాం. ఉత్సాహం ఉంటుంది, చేతులు ఆడుతుంటాయి, ఏది చెడినా సరిచేయగలం అనిపిస్తుంది. మనలాంటివాళ్లు మాత్రం బాగా లేని రోజును ఎదురుగా పెట్టుకుని కట్టాలి.

ముందు ఒక అపోహ తీసేస్తాను. ఆటిజం ఉన్నవాళ్లందరికీ కంప్యూటర్లు వస్తాయన్నది నిజం కాదు. ఒకరికి రైళ్లు, ఒకరికి పక్షులు, ఒకరికి చీరల అంచులు, ఒకరికి ప్రత్యేకంగా ఏదీ ఉండకపోవచ్చు. ఈ అధ్యాయం వైర్లూ చిట్టాలూ ఎవరిని లాగుతాయో వాళ్ల కోసం. నన్ను చిన్నప్పుడే లాగాయి. ఏడేళ్ల వయసులో రోజూ సాయంత్రం మెట్ల కింద కరెంటు మీటరు చూసి, ఆ అంకెను గోడ కేలండర్‌లో ఆ తేదీ గడిలో రాసేవాణ్ణి. ఎందుకు రాస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. అంకె పెరగడం చూస్తే లోపల ఏదో కుదుటపడేది. ఇరవయ్యారేళ్ల తర్వాత డాక్టర్ నా బాల్యం గురించి అడిగినప్పుడు అమ్మ మొదట చెప్పింది ఆ కేలండర్ గురించే.

సర్వర్ అంటే పెద్ద మాటలా ఉంటుంది గానీ, రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తూ ఇంట్లోవాళ్ల ఫొటోలూ పాటలూ కాగితాలూ దాచి, అడిగినప్పుడు ఇచ్చే కంప్యూటర్ అంతే. నాకు అది నచ్చడానికి ఒక కారణం దాని చిట్టా, అంటే లాగ్. ఏమైంది, ఎన్ని గంటలకైంది, దేనివల్ల ఆగింది అన్నీ అందులో రాసి ఉంటాయి. ముఖం చూసి ఊహించనక్కర్లేదు. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ఫోన్‌లో కంపెనీల యాప్‌లు రాత్రికి రాత్రి రూపు మార్చుకుంటాయి. నిన్నటి చోట బటన్ ఉండదు. చాలామందికి అది రెండు నిమిషాల చిరాకు. నాకు ఆ రోజు మొత్తం వంకర తిరుగుతుంది. నా సర్వర్‌లో నేను మార్చనిదే ఏదీ మారదు. అందుకే దానిలో డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. దానిలో స్థిరమైన వెర్షన్ సుమారు రెండేళ్లకోసారి వస్తుంది, 12వది 2023 జూన్‌లో, 13వది 2025 ఆగస్టులో వచ్చాయి. మధ్యలో భద్రతా సవరణలు తప్ప కొత్తదనం దాదాపు ఉండదు. కొత్తదనం లేకపోవడమే నాకు కావాల్సింది.

మూడో కారణం నాన్న. విజయవాడ రేడియో నుంచి ఆయన టేపు చేసుకున్న కేసెట్లు 112 మిగిలాయి. రోజుకొకటి చొప్పున, రాత్రి భోజనమయ్యాక ప్లేయర్‌లో వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కేసెట్ వేగంగా ఎక్కదు, గంట కేసెట్‌కు గంట పడుతుంది. సీడీ నాణ్యతలో గంటకు 600 ఎంబీ దాటుతుంది. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ పద్ధతిలో దాచితే దాదాపు సగం అవుతుంది. మొత్తం 40 జీబీ దరిదాపు. కొన్ని చోట్ల పాట మధ్యలో నాన్న దగ్గు వినిపిస్తుంది. ఆ దగ్గును నేను తీసేయలేదు. సర్వర్ ఎందుకని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే.

పెట్టె, చోటు, చప్పుడు

కొత్తది కొననక్కర్లేదు. ఆఫీసుల్లో వాడి అమ్మేసే అరచేయంత చిన్న డెస్క్‌టాప్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. 8 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే ఒక ఇంటికి చాలు. సగటున పది వాట్లు లాగేది నెలంతా నడిస్తే 7.2 యూనిట్లు. మూలన ఉన్న పాత పెద్ద డెస్క్‌టాప్‌నే వాడదామంటే, అది ఖాళీగా ఉన్నా అరవై వాట్లు లాగితే నెలకు 43 యూనిట్లు దాటుతుంది. అంతలో కరెంటు బిల్లు స్లాబు మారిపోవచ్చు. పాత ల్యాప్‌టాప్ కూడా పనికొస్తుంది, దాని బ్యాటరీయే యూపీఎస్ అవుతుంది. అయితే ఏళ్ల తరబడి ఛార్జింగ్‌లోనే ఉంచిన బ్యాటరీ ఉబ్బుతుంది. ఛార్జింగ్‌ను 60, 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు అందులో ఉందో లేదో చూడండి. నెలకోసారి అడుగుభాగం తడిమి చూడండి.

చప్పుడు గురించి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మామూలు సలహాలు దీన్ని దాటేస్తాయి. మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే పుస్తకం డీఎస్‌ఎం-5, 2013లో వచ్చినది, ఆటిజం లక్షణాల్లో శబ్దం, వెలుతురు, స్పర్శలకు అతిగా గానీ తక్కువగా గానీ స్పందించడాన్ని చేర్చింది. ఆ వాక్యం చదివిన రోజున నేను ఊపిరి పీల్చుకున్నాను. ఛార్జర్ కీచుమనడం నాకు తప్ప ఇంట్లో ఎవరికీ వినిపించదు. వినిపించడం లేదని వాళ్లు చెప్పేది నిజమే, వినిపిస్తోందని నేను చెప్పేదీ నిజమే. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఆ కంపనం బల్ల చెక్కకు పాకితే బల్ల మొత్తం సన్నగా మూలుగుతుంది. నేను మొదట సర్వర్‌ను పడకగదిలో పెట్టుకుని, నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలియకుండానే నాలుగు నెలలు గడిపాను. ఇప్పుడు హాల్లో టీవీ కింది అరలో ఉంది, దాని కింద మడిచిన పాత తువ్వాలు. రోజూ వాడేవన్నీ ఎస్‌ఎస్‌డీలో ఉన్నాయి, అది తిరగదు కాబట్టి చప్పుడు లేదు. నీలం లైట్ల మీద నల్ల టేపు అంటించాను, ఒక్క ఆకుపచ్చ లైటు మాత్రం వదిలేశాను. అది ఎందుకో కింద చెబుతాను.

అటక మీద పెట్టకండి. పై అంతస్తులో ఉంటే అసలు వద్దు. మే నెల బెజవాడ ఎండకు స్లాబు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులు 80 డిగ్రీలు దాటితే వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి. ఆ నిదానాన్ని మనం సాఫ్ట్‌వేర్ తప్పనుకుని రాత్రంతా వెతుకుతాం.

బయట ఊళ్లో ఉన్నప్పుడు ఇంటి సర్వర్‌ను అందుకోవడం ఎలా? ఇక్కడ ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లలో చాలామంది ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతారు. కాబట్టి బయటి నుంచి మీ ఇంటికి నేరుగా దారి ఉండదు. విడి చిరునామా కావాలంటే ఫోన్ చేసి అడగాలి, నెలనెలా కొంత కట్టాలి. ఫోన్ చేయడం నాకు కొండెక్కడం లాంటిది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ వేరే మనిషికి మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ దారి వదిలేసి టెయిల్‌స్కేల్ అనే సర్వీసు వాడుతున్నాను. మీ ఫోను, మీ సర్వర్ రెండూ లోపలి నుంచే బయలుదేరి ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. రూటర్‌లో ఏ తలుపూ తెరవనక్కర్లేదు, ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. రెండోది నాకు భద్రత ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

ఇంటి దారికి అడ్డంగా కట్టకండి

పెళ్లి తర్వాత వారం రోజులకు కూర్చుని ఒక కాగితం మధ్యలో నిలువుగా గీత గీశాను. ఒక వైపు, సర్వర్ ఆగితే నాకు మాత్రమే ఇబ్బంది కలిగించేవి. రెండో వైపు, ఇంట్లోవాళ్లకు ఇబ్బంది కలిగించేవి. రెండో వైపున ఉన్నవాటిని ఒక్కొక్కటే తీసేశాను. ప్రకటనలు ఆపే ఏర్పాటు ఇప్పుడు నా ఫోనుకూ నా కంప్యూటరుకూ మాత్రమే ఉంది. అమ్మ ఫోను నేరుగా రూటర్‌ను అడుగుతుంది. ఆమెకు ప్రకటనలు వస్తాయి, ఆమెకు దానితో ఏ బాధా లేదు. ఆమె బాధపడింది అక్క ముఖం మధ్యలో మాయమైనందుకు.

ఇది సాంకేతికంగా వెనకడుగని మొదట నా మనసు ఒప్పుకోలేదు. ఇల్లంతా ఒకే పద్ధతిలో ఉండాలన్న పట్టుదల నాలో గట్టిది. కానీ ఇంటి నీళ్ల పైపు మధ్యలో మన బిందె పెట్టకూడదు. బిందె పక్కన ఉండాలి.

తర్వాత చేసినవి చిన్నవి. కరెంటు తిరిగి రాగానే యంత్రం దానంతటదే లేచే సెట్టింగ్ చాలా డెస్క్‌టాప్‌ల బయాస్‌లో, అంటే ఆన్ చేయగానే తెరవగలిగే సెట్టింగుల తెరలో ఉంటుంది, కానీ తరచు ఆపేసి ఉంటుంది. దాన్ని పెట్టండి. మన ఇళ్లలో ఉండే ఇన్వర్టర్లలో చాలావాటికి వెనక యూపీఎస్ మోడ్ అనే చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని అటు తిప్పితే కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఇంకా త్వరగా అందుకుంటుంది, కంప్యూటర్ ఆగకుండా ఉండే అవకాశం పెరుగుతుంది. ఆ స్విచ్ మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా తప్పు వైపు ఉంది.

ఇక కాగితం. సర్వర్ పక్కన గోడకు అమ్మ కోసం ఒక కాగితం అంటించాను. మొదటిసారి రాసింది రెండు పేజీలు వచ్చింది. అమ్మ చదివి, "ఇండికేటర్ అంటే లైటేనా?" అంది. మళ్లీ రాశాను. ఐదోసారికి ఇలా నిలిచింది:

నల్ల పెట్టె మీద ఆకుపచ్చ లైటు వెలుగుతుంటే ముట్టుకోకు.
వెలగకపోతే గుండ్రటి బటన్ ఒక్కసారి నొక్కి వదిలెయ్యి. ఐదు నిమిషాలు ఆగు.
అప్పటికీ వెలగకపోతే అలాగే వదిలెయ్యి. నీ ఫోన్‌లో నెట్ దీనివల్ల ఆగదు. నువ్వేం చేసినా ఇందులో ఏదీ పాడవదు.

చివరి వాక్యం అమ్మ అడిగి రాయించుకుంది. తన చేత్తో నాన్న పాటలు పోతాయేమోనన్న భయం ఆమెకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఒక మాట చెప్పారు: ఆటిజం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుంది, లోపం ఒకరిదే కాదు. నేను దాన్ని చదివి తలూపాను. ఆ కాగితం రాస్తూ అమ్మ భయం కనిపించిన రోజున నా వైపు సగం నాకు అర్థమైంది.

మీరు కాగితం రాశాక ఒక పరీక్ష పెట్టండి. మీరు పక్క గదిలో నోరు మూసుకుని కూర్చోండి. సర్వర్ ఆపేసి, ఇంట్లోవాళ్లను ఆ కాగితం ఒక్కటే చూసి నడిపించమనండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ మాట మార్చండి. ఒంటరిగా ఉండేవాళ్లు ఆ కాగితాన్ని తమ కోసమే రాసుకోవాలి. అలసిన రోజున మన తెలివి మనకే అందదు.

సర్వర్‌లో ఇంట్లోని బటన్లనూ పరికరాలనూ కలిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ కూడా నడుపుతున్నాను. మంచం పక్కన ఒక చిన్న బటన్ ఉంది. నొక్కితే అమ్మ ఫోనుకు సందేశం వెళ్తుంది: "మాట రావడం లేదు. ప్రమాదం ఏమీ లేదు. చీకటి పడ్డాక అన్నం తలుపు దగ్గర పెట్టు." ఇది నా బతుకులో పెద్ద మార్పు. కానీ బటన్ కంటే ముందు తయారుచేసింది పసుపు అట్టముక్క, దాని మీద అవే మూడు వాక్యాలు. తలుపు గడియకు తగిలిస్తే చాలు. కరెంటు లేకపోయినా అట్టముక్క పనిచేస్తుంది. మీరు ముందు అట్టముక్క చేసుకోండి. బటన్ తర్వాత నెమ్మదిగా కొనుక్కోవచ్చు.

శనివారం పొద్దున మాత్రమే

డైనా మర్రే, మైక్ లెసర్, వెన్ లాసన్ 2005లో ఒక పత్రంలో మోనోట్రోపిజం అన్న ఆలోచనను వివరించారు. మా ధ్యాస నాలుగు వైపులా పలచగా పారదు, ఒకే విషయంలోకి లోతుగా పోతుందని దాని సారం. కృష్ణా కాలువ కింద పెరిగినవాడిగా నాకు అది ఇలా కనిపిస్తుంది: నీళ్లన్నీ ఒకే బోదెలోకి మళ్లిపోతాయి. ఆ చేను పచ్చగా ఉంటుంది, పక్క చేలు నెర్రెలు బారుతాయి. సర్వర్ పని ఆ బోదె. రాత్రి తొమ్మిదింటికి చిన్న అప్‌డేట్ అని కూర్చుంటాను. తలెత్తేసరికి మూడవుతుంది. ఆకలి వేసిందని, దాహం వేసిందని, ఒంటికి వెళ్లాలని శరీరం పంపే కబుర్లు అప్పుడు చేరవు. మర్నాడు ఆఫీసులో ట్యూబ్‌లైటు కూడా భరించలేను.

అందుకని నా సర్వర్‌లో మార్పులు శనివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకే. కూర్చునే ముందు ఇడ్లీ తినేసి ఉండాలి, నీళ్ల సీసా నిండా ఉండాలి. ఒక శనివారం ఒక్క మార్పే. రెండు చేస్తే, చెడినప్పుడు ఏది చెడగొట్టిందో తెలియదు. మొదలుపెట్టే ముందు వెనక్కి వచ్చే దారి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. తొమ్మిదిన్నరకు పని పూర్తి కాకపోతే ఆ దారిలో వెనక్కి వచ్చేస్తాను. ఇది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. సగంలో ఆపిన పని పంటిలో ఇరుక్కున్న పీచులా వారమంతా తొలుస్తుంది. అయినా మూడింటి దాకా మేలుకున్న రాత్రి తీసుకునే మూల్యం దానికంటే ఎక్కువ.

వారం మధ్యలో ఏదైనా ఆగితే? ఆగనివ్వండి. ఇంటికి అవసరమైనవేవీ దాని మీద లేవు కదా.

బ్యాకప్‌కు ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి చాలు. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. మా బయటి కాపీ ఏలూరులో అక్క బీరువాలో ఉంది. సంక్రాంతికి ఒక డిస్క్ తీసుకెళ్లి, అక్కడున్నది తెచ్చుకుంటాను. దసరాకు మళ్లీ మారుస్తాను. పండక్కి వెళ్లడం నాకు శ్రమే, చేతిలో ఒక పని ఉంటే గుమ్మం దాటడం సులువవుతుంది. బావ ఆ డిస్క్‌ను "మామయ్యగారి పెట్టె" అంటాడు. ప్రతి నెలా మొదటి శనివారం బ్యాకప్ నుంచి ఏదో ఒక పాట వెనక్కి తెప్పించి, మొదటి నుంచి చివరి వరకూ వింటాను. కాపీ ఉందని తెర మీద కనిపించడం వేరు, అది పలకడం వేరు.

ఇంకో చిట్టా గురించి కూడా చెప్పాలి. మెదడు కంప్యూటర్ లాంటిదనే పోలిక నాకు ఇష్టం లేదు. కంప్యూటర్ షట్‌డౌన్ అయ్యేటప్పుడు తెరిచినవన్నీ వరుసగా మూసి, సర్ది, ఆగుతుంది. నా షట్‌డౌన్ అలా ఉండదు. కానీ చిట్టా రాసే అలవాటును సర్వర్ దగ్గర నుంచి తెచ్చుకున్నాను. రోజుకొక వరుస: తేదీ, ఎన్ని గంటల నిద్ర, ఎంత చప్పుడు, ఎంతమందితో మాట్లాడాను, సాయంత్రానికి ఎలా ఉన్నాను. మూడు నెలల తర్వాత వరుసగా చదివితే ఒకటి బయటపడింది. పెళ్లిళ్ల తర్వాత నేను కూలబడేది ఆ రోజు కాదు, ఒక రోజు వదిలి. అప్పటి నుంచి శుభకార్యం తర్వాత రెండు రోజులు సెలవు పెడుతున్నాను.

ఆ చిట్టా డాక్టర్ దగ్గర కూడా పనికొస్తుంది. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఉంది. వైకల్య సర్టిఫికెట్ కోసం ఆటిజం తీవ్రతను కొలిచే ఐఎస్‌ఏఏ పరీక్షలో 40 అంశాలు ఉంటాయి. పెద్దయ్యాక వెళ్లేవాళ్లకు అక్కడ ఎదురయ్యే కష్టం, కళ్లలోకి చూస్తూ సర్దుకుని మాట్లాడటం అప్పటికే నేర్చుకుని ఉండటం. గదిలో ఆ అరగంట మనం బాగానే కనిపిస్తాం. ఆ అరగంటకు ముందు రోజూ, తర్వాతి రోజూ ఎలా ఉంటామో చిట్టా చెబుతుంది. తేదీలతో రాసినది తీసుకెళ్లండి. చిన్నప్పటి నుంచి మిమ్మల్ని చూసినవాళ్లు ఉంటే వెంట తీసుకెళ్లండి.

ఈ ఏడాది మే నెలలో మళ్లీ అలాంటి రోజు వచ్చింది. గాలిదుమారానికి మా వీధిలో స్తంభం ఒరిగింది. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అయిపోయేంతసేపు కరెంటు లేదు. నేను గదిలో ఉన్నాను, తలుపుకు పసుపు అట్ట తగిలించి ఉంది. ఎవరూ తట్టలేదు. రాత్రికి అన్నం గిన్నె తలుపు దగ్గర ఉంది, పైన మూత.

మర్నాడు మాట వచ్చాక చిట్టా తెరిచి చూశాను. సర్వర్ 3.29కి ఆగి, 4.10కి లేచింది. ఏదీ చెడలేదు. గోడ మీది కాగితం దగ్గరకు వెళ్తే, నేను రాసిన మూడు వరుసల కింద పెన్సిల్‌తో అమ్మ రాత కనిపించింది. ఆ తేదీ వేసి ఉంది. "4.10. లైటు దానంతటదే వచ్చింది. నేను నొక్కలేదు." దానికి పైన ఇంకో నాలుగు తేదీలున్నాయి, ఒక్కోదాని పక్కన కరెంటు పోయిన టైమూ వచ్చిన టైమూ. మొదటిది ఫిబ్రవరిది.